మా ఆయన చెప్పిన సాక్ష్యం

మా ఆయనకు రివర్సు రాదు. ఈ ఒక్క సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు తేలిక. ముందుకు మాత్రం మహారాజులా పోతాడు. ఎడం చెయ్యి గేరు మీద, కుడి మోచెయ్యి కిటికీ మీద. ఎదురొచ్చే బండ్లన్నీ తనను చూసే పక్కకు తప్పుకుంటున్నాయని ఆయన నమ్మకం. వెనక్కి పోవాల్సి వచ్చిందా, ఇక ఆ తతంగం చూడాల్సిందే. మెడ ఒకవైపు, స్టీరింగు ఇంకోవైపు తిప్పుతాడు. ఇంజను రంకెలు వేస్తుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చివరికి దారిన పోయే ఎవరినో పిలిచి "జర ఎనక చూడు తమ్మీ" అంటాడు. భద్రాచలంలో మా ఇంటి సందులో నుంచి బండి బయటికి తియ్యాలంటే గిన్నెలు తోముతున్న చేతులు కడుక్కుని నేనే రావాలి. తీసి మెయిన్ రోడ్డు మీద నిలబెట్టాక నేను పక్క సీట్లోకి జరగాలి, అప్పుడు దొరగారు ఎక్కాలి. మొగుడు పక్కనుండగా పెళ్ళాం నడిపితే చూసేవాళ్ళు ఏమనుకుంటారని ఆయన బెంగ. చూసేవాళ్ళకు వేరే పనులుంటాయని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

ఆ బండి నాది. నా జీతం మీద కొన్నది. చర్ల అవతల అడవి ఊళ్ళ మధ్య ఒక ప్రభుత్వ దవాఖానాలో నేను స్టాఫ్ నర్సుని. అక్కడికి బస్సు ఉందంటే ఉంది, లేదంటే లేదు. వానలు మొదలైతే వాగు దగ్గరే ఆగిపోతుంది. అందుకే నేను డ్రైవింగు నేర్చుకున్నాను. కాన్పు నొప్పులు పడే మనిషిని పడుకోబెట్టి తీసుకురావడానికి పనికొస్తుందని ఏడుగురు పట్టే తెల్ల బండి తీసుకున్నాను. చర్ల దాటాక రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. ఎదురుగా వెదురు లారీ వచ్చిందంటే చిన్న బండివాళ్ళే వెనక్కి పోవాలి. అది ఆ దారి మర్యాద. రోజూ అలా పోయి పోయి నాకు మెడనొప్పీ వచ్చింది, రివర్సూ వచ్చింది.

ఆ దారికి ఇంకా కొన్ని మర్యాదలున్నాయి. అద్దాలు దించి ఉంచాలి, లోపలున్నది ఎవరో బయటికి కనపడాలి. ఖాకీ, ఆకుపచ్చ బట్టలు వేసుకోకూడదు. యూనిఫాంలో ఉన్నవాళ్ళెవరు చెయ్యెత్తినా "జాగా లేదు సార్" అని నవ్వుతూ పోవాలి. ఇవి ఎవరూ నేర్పరు. బస్సు డ్రైవరు దగ్గర్నుంచి కల్లు అమ్మే మనిషి దాకా అందరికీ తెలుసు. నక్సలైట్లూ పోలీసులూ ఎప్పుడు ఒకరి కోసం ఒకరు దారికాస్తారో తెలియని చోట మనం ఎవరమో దూరం నుంచే కనపడేట్టు పోవడమే బతుకు. మా ఆయనకు భద్రాచలంలో బోరు మోటార్ల దుకాణం ఉంది. చర్ల వైపు ఎన్నడూ సరిగా తిరిగింది లేదు. అయినా ఆ దారి గురించి నాకే పాఠాలు చెప్పేవాడు.

ఆ మధ్య ఆయనకు ఫోనులో వీడియోల పిచ్చి పట్టింది. నల్ల కళ్ళద్దాల మనిషి ఎవరో పరాయి దేశం వాడు, తుపాకులతో దారికాచి మీదపడితే బండి నడిపేవాళ్ళు ఏం చెయ్యాలో చెప్తాడు. అది చూసినప్పట్నుంచి మా ఇంట్లో అన్నం దగ్గర కూర్చుంటే ఇదే క్లాసు. నీళ్ళ గ్లాసు మా బండి, ఆవకాయ జాడీ శత్రువులు.

"బ్రేకు మీద కాలు పెట్టినవంటే సచ్చినవన్నట్టే. తలకాయ కిందికి వంచాలె, కాలు తియ్యకుండ తొక్కాలె. అడ్డమొచ్చినోన్ని గుద్దుకుంట పోవుడే! బండి దిగిన్రంటే మాత్రం ఖతం," అని గ్లాసును జాడీకి ఢీకొట్టేవాడు.

చర్ల రోడ్డు గుంతల్లో అట్లా తొక్కితే తుపాకీ అక్కర్లేకుండానే పైకి పోతామని నేనంటే, "నీకు తెల్వదు, నువ్వూకో" అనేవాడు. మా అత్తమ్మ నీళ్ళు ఒలికిన చోట చాప తీసి పక్కకు పెట్టి, "తిని లే కొడుకా" అనేది. ఆమె సొంత ఊరు తల్లాడ. మోకాళ్ళకు మందు వాడుతూ ఆ రోజుల్లో మా దగ్గరే ఉంది. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. కొడుకు మాట్లాడేది ఇంటికి సరిపోతుందని కాబోలు.

చర్ల అవతల ఒక ఊళ్ళో కొత్తగా రేకుల చర్చి కట్టుకున్నారు. మేము ప్రొటెస్టెంట్లం, మా పాస్టరు అయ్యగారే అక్కడా సేవ చేస్తారు. ప్రారంభానికి మమ్మల్ని పిలిచారు. చర్చికి నీళ్ళ మోటారు ఇచ్చినందుకు మా ఆయనకు వేదిక మీద కుర్చీ కూడా వేస్తామన్నారు. వేదిక మీద కుర్చీ అంటే ఆయనకు పెళ్ళినాటి సంబరం. ఆ పొద్దున తయారై బయటికి వచ్చి చూద్దును కదా, నా బండి ముందు అద్దం మీద ఎరుపు, నీలం రంగుల్లో ఇంతలావు అక్షరాలతో 'పోలీస్' అని స్టిక్కరు!

"ఏందిది?" అన్నాను.

"మా బావ ఇచ్చిండు. ఖమ్మంల కానిస్టేబులు గదా. ఇది పెట్టుకుంటే టోల్ గేటు కాడ గాని, చెకింగుల గాని ఎవడూ ఆపడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మనం పోయేది ఖమ్మం కాదు, చర్ల. ఈ బొమ్మ పెట్టుకుని ఆ అడివిలకు పోతరా ఎవరన్న? తీసెయ్యండి."

"పోలీసంటే భయపడ్తరే ఎవడైన. అద్దం మీద గీతలు పడ్తయ్, గోకకు," అన్నాడు.

బుద్ధున్న మనిషెవరైనా ఆ దారిలో నెత్తి మీద గురి బొమ్మ వేసుకుని పోతాడా? మా ఆయన పోతాడు, పైగా అది కిరీటం అనుకుంటాడు. గొడవ పడే టైము లేక లోపలికి పోయి దవాఖానా ప్లాస్టరు తెచ్చి, చర్చి ప్రారంభం కరపత్రాన్ని ఆ స్టిక్కరు మీద కప్పేసి నాలుగు వైపులా అంటించాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దారిలో రెండు క్యాంపుల దగ్గరా పోలీసులు ఆపి, డిక్కీ చూసి, కరపత్రం చదివి పంపించారు. మా ఆయనకు అది తల తీసేసినట్టయింది.

చర్చి ప్రారంభం బాగా జరిగింది. శాలువా కప్పారు, ఆయన మాట్లాడాడు, ఆయన మాట్లాడటం అయ్యేసరికి అన్నం చల్లారిపోయింది. తిన్నాక తిరుగు ప్రయాణం. అత్తమ్మను మధ్య సీట్లో కూర్చోబెట్టి, మోకాళ్ళ కింద దిండు సర్ది నేను ముందుకు వచ్చేసరికి కరపత్రం లేదు. ఊడదీసి, ఉండచుట్టి పారేశాడు. శాలువా కప్పించుకున్న మనిషి బండికి ప్లాస్టర్లు అంటించుకుని పోతే బాగుండదట. చర్చి ముందు అంతమందిలో నోరు పారేసుకోలేక ఎక్కి కూర్చున్నాను. ఊరు దాటాక పోడు చేల పక్క మలుపులో రెండో క్యాంపు వస్తుంది. అక్కడ సెంట్రీ మా అద్దం వైపు చూసి, గేటు ఎత్తి, చెయ్యి ఊపాడు.

"చూసినవా మర్యాద?" అన్నాడు మా ఆయన, మీసం దువ్వుకుంటూ.

పోలీసులు ఆపకుండా పంపించిన తెల్ల బండిని చూసే కళ్ళు ఆ దారి పొడుగునా ఉంటాయి. టీ కొట్టు దగ్గర కూర్చున్న వాళ్ళలో ఎవరు ఎవరో ఎవరికి తెలుసు? నేను అద్దాలు దింపమంటే, ఏసీ వేశాను దుమ్మొస్తుంది వద్దన్నాడు. నేను నా వైపుది దింపేశాను. అత్తమ్మ కూడా తన వైపుది కిర్రుమని దింపింది.

ఎండ ఇంకా గట్టిగానే ఉంది. పెద్ద మలుపు తిరిగాక దారికి అడ్డంగా ఒక మద్దిచెట్టు పడి ఉంది. ఆకులు పచ్చగా ఉన్నాయి, మొదలు దగ్గర గొడ్డలి దెబ్బ తెల్లగా మెరుస్తోంది. నాకు అర్థమైపోయింది. ఆయన బ్రేకు వేసి హారన్ కొట్టాడు. అవును, చెట్టుకు హారన్ కొట్టాడు. రెండుసార్లు.

"ఎనక్కి పోనియ్యండి," అన్నాను. "జల్దీ!"

అప్పుడే తుపాకీ పేలింది. కుడి పక్క సైడు అద్దం ముక్కలైపోయింది. దాని వెంటనే పొదల్లోంచి ఎవరో అరిచారు, ఏమని అరిచారో వినపడలేదు. నేను మా ఆయన వైపు తిరిగాను. ఇన్నాళ్ళ క్లాసులు, గ్లాసులు, జాడీలు అన్నీ ఈ ఒక్క నిమిషం కోసమే కదా, తల వంచుతాడు, తొక్కుతాడు, ఏదో ఒకటి చేస్తాడనుకున్నాను. ఆయన సీటు ఖాళీగా ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. శాలువా సగం సీటు మీద, సగం కింద. నా కళ్ళతో చూసిందేమిటంటే తుప్పల మధ్య నుంచి ఆయన వీపు, అడవిలోకి పోతూ. పొట్ట ఉన్న మనిషి అంత వేగంగా ఉరకగలడని నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో తెలియదు. క్లచ్చు వదిలేసినందుకు బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

భయం వేసిందా అని అడిగితే, వేసింది. కానీ వెనక సీట్లో మోకాళ్ళు వంగని ముసలామె ఉంది. ఆమె ఎక్కడికని ఉరుకుతుంది? గేరు కర్ర తొడకు పొడుచుకుంటుంటే ఆయన సీట్లోకి జరిగాను. తెరిచి ఉన్న తలుపులోంచి రెండు చేతులూ బయటపెట్టి, "దవాఖానా సిస్టరును! ఆడోళ్ళం! పోలీసులం కాదు!" అని అరిచాను. నాకొచ్చిన నాలుగు కోయ ముక్కల్లో కూడా అరిచాను. పొదల్లో రెండు తలకాయలు కనపడ్డాయి. వాళ్ళలో వాళ్ళకే ఏదో గొడవ నడుస్తున్నట్టుంది. ఇంకో దెబ్బ పేలి బానెట్టు మీద గీసుకుంటూ పోయింది. ఇక మాటలతో అయ్యే పని కాదని తెలిసింది.

తలుపు లాగి మూసి, తాళం తిప్పాను, రివర్సు వేశాను, మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూస్తూ వదిలాను. వెదురు లారీలు రోజూ నాకు చేయించిన పనే. తేడా అల్లా ఈసారి ఎదురుగా ఉన్నది లారీ కాదు. అత్తమ్మ సీటు మీద వాలిపోయి "ప్రభువా, ప్రభువా" అంటోంది. మలుపు మొత్తం వెనక్కే తిరిగి, వాగు దగ్గర వెడల్పు జాగాలో బండి తిప్పుకుని, చర్చి ఉన్న ఊరికి పోయేదాకా కాలు తియ్యలేదు. క్యాంపు సెంట్రీ ఆ బొమ్మ చూసి మళ్ళీ గేటు ఎత్తాడు, పోలీసులు తుపాకులతో పోతే మధ్యలో ఉన్నది మా ఆయనేనని నేనూ ఆగి చెప్పలేదు.

ఊరు కనపడ్డాక అత్తమ్మ లేచి కూర్చుంది. "వాడేడి?" అంది.

"అడివిలకు ఉరికిండు అత్తమ్మా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

చర్చి మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఎంత చేతకాని మనిషైనా మొగుడే కదా. ఏ చెట్టు కింద పడి ఉన్నాడో అని అడవి వైపే చూశాను. అయ్యగారు ఆ ఊరి మగవాళ్ళిద్దరిని బైకు మీద, చొక్కాలు విప్పించి, తెల్ల తువ్వాళ్ళు ఊపుకుంటూ పొమ్మని పంపారు. పొద్దు గుంకకముందే వాళ్ళ మధ్యలో కూర్చుని మా ఆయన వచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది, ఒంటి మీద గీతలు తప్ప దెబ్బలు లేవు. బైకు దిగాడో లేదో నన్ను చూసి ఆయన అన్న మొదటి మాట ఇది.

"నన్ను ఇడిసిపెట్టి పోతవా?"

అమ్మ బతికుందా అని అడగలేదు. నీకేమైనా అయిందా అని అడగలేదు. ఆ మాటకు నా ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. తర్వాత చర్చి వెనక్కి తీసుకుపోయి మంచినీళ్ళు ఇస్తే, తాగి అసలు సంగతి చెప్పాడు. వాళ్ళు ఆయన్ని పట్టుకున్నారట. పోలీసు కాదని, మోటార్లు అమ్ముకునే మనిషని తెలిశాక, "పోలీసోనివి కానప్పుడు ఆ బొమ్మ ఎందుకు పెట్టుకున్నవ్‌రా" అని తిట్టి, ఫోను గుంజుకుని, గుంజీలు తీయించి పొమ్మన్నారట. ఈ గుంజీల ముక్క ఆయన ఆ ఒక్కసారే చెప్పాడు. మర్నాటికల్లా అది కథలోంచి మాయమైపోయింది.

మర్నాడు పోలీసు స్టేషన్లో వాళ్ళు ముప్పై మంది అయ్యారు. దుకాణంలో గిరాకీలకు చెప్పేటప్పుడు యాభై మంది. ఆదివారం నాటికి ఆయన బండి దిగింది పారిపోవడానికి కాదని కూడా తేలిపోయింది. శత్రువుల దృష్టి తన మీదికి మళ్ళించడానికి దిగాడట! ఆడవాళ్ళు తప్పించుకుపోవాలని అడవిలోకి ఉరికాడట! ఇంత పచ్చి అబద్ధం అంత నున్నగా చెప్పే నోరు చూస్తే నాకు అసహ్యం వేసేది. స్టిక్కరు సంగతి అడిగినవాళ్ళకు మాత్రం "అదేదో పాత బొమ్మ, బండి కొన్నప్పుడే ఉంది" అనేవాడు.

అదొక్కటే అయితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. మగవాళ్ళ కోతలు వినడం ఆడవాళ్ళకు కొత్తా? కానీ ఆయన నా బండి తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు.

"ఇగ నువ్వు బండి ముట్టుకోవద్దు," అన్నాడు. "బెదిరిపోయి మొగున్నే ఇడిసిపెట్టి వచ్చినవ్. రేపు ఇంకేం జేస్తవో. ఆ ఉద్యోగం కాడికి పోయేదే వద్దు, ట్రాన్స్‌ఫర్ పెట్టుకో. లేకుంటే మానెయ్."

"బెదిరింది నేనా?"

"మరి నేనా? ఎవలనన్న అడుగు!"

ఎవరిని అడగను? ఖమ్మంలో ఉన్న ఆడపడుచు ఫోన్ చేసి, "ఎట్ల రాబుద్దయింది వదినా, అన్నను అడివిల ఇడ్సిపెట్టి?" అంది. సందులో ఆడవాళ్ళు నేను కనపడితే మాట మార్చేవాళ్ళు. చూసిన మనిషి ఒక్కతే, ఆమె మా ఇంట్లోనే చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తమ్మా, మీరు చూసిండ్రు కదా. మీ కొడుకు ఎట్ల పోయిండో మీరన్న చెప్పండి."

ఆమె చేతులు ఆగలేదు. "నేను పండుకున్న బిడ్డా. నాకేం కనపడ్డది," అంది.

ఎంతైనా కన్నకొడుకు. ఆమెను ఏమని అంటాను? కానీ ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నేను మళ్ళీ బస్సెక్కాను. బస్సు వచ్చిన రోజు వచ్చింది, రాని రోజు షేర్ ఆటోలో చర్ల దాకా పోయి, అక్కడ ఎవరి బైకు దొరికితే వాళ్ళ కాళ్ళు పట్టుకున్నాను. ఒక పొద్దున నేను చేరేసరికి దవాఖానా అరుగు మీద నెత్తురు. మొదటి కాన్పు పిల్ల, రాత్రంతా నొప్పులు పడి వచ్చిందట. డాక్టరుగారు సెలవులో ఉన్నారు. నా బండి ఉంటుందని నమ్మి తెచ్చినవాళ్ళు, అది లేదని తెలిసి, ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి ఆ పిల్లను భద్రాచలం తీసుకుపోయారు. ఆ గుంతల్లో, ఆ ట్రాలీలో. తల్లీ బిడ్డా బతికారు. ఈసారికి బతికారు. నా బండి మాత్రం మోటారు దుకాణం ముందు నీడలో, కొత్త సైడు అద్దం వేయించుకుని, కడిగి తుడిచి నిలబడి ఉంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ పిల్ల సంగతి చెప్పి తాళంచెవి అడిగాను, అరిచాను, చివరికి బతిమాలాను కూడా. "ముందు కృతజ్ఞతా కూటం గానియ్, తర్వాత చూద్దాం" అన్నాడు. అత్తమ్మ అక్కడే మోకాళ్ళకు నూనె రాసుకుంటూ అన్నీ విన్నది.

గండం గడిచి బయటపడితే కృతజ్ఞతా కూటం పెట్టుకోవడం మా వాళ్ళ ఆచారం. పదిమందినీ పిలిచి, ప్రార్థన చేయించి, దేవుడు చేసిన మేలు అందరి ముందూ సాక్ష్యం చెప్పి, భోజనం పెడతాం. మంచి ఆచారమే. సాక్ష్యం చెప్పేవాడు మంచివాడైతే. సందులో టెంటు వేయించాడు, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, డేక్షాల నిండా బిర్యానీ. తల్లాడ నుంచి ఆయన చిన్నమ్మ, ఖమ్మం నుంచి ఆడపడుచు వచ్చారు. టెంటు ఉందని బండి ముందురోజే మెయిన్ రోడ్డు మీద పెట్టించాడు.

ప్రార్థన అయ్యాక ఆయన తెల్ల చొక్కాలో లేచి మైకు అందుకున్నాడు. మొదలుపెట్టడమే గొంతు వణికించాడు.

"తుపాకులు గురిపెట్టిండ్రు సహోదరులారా. చుట్టూ శత్రువులే. నా తల్లి ఎనక ఉన్నది, నా భార్య పక్కన ఉన్నది. అప్పుడు నాకు ఒకటే ఆలోచనొచ్చింది. నేను దిగుత, నన్ను కాల్చుకోని, ఆడోళ్ళు బతకని!"

"స్తోత్రం!" అన్నారు జనం. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. నేను పెరుగు పచ్చడి గిన్నె పట్టుకుని టెంటు గుంజ దగ్గర నిలబడి ఉన్నాను. ఆ గిన్నె ఆయన నెత్తిన బోర్లించకుండా ఎట్లా నిలబడ్డానో నాకే తెలియదు. అంతటితో ఆపాడా? నా వైపు చెయ్యి చూపించి, గొంతు ఇంకా మెత్తగా చేసుకున్నాడు.

"నా భార్య భయపడి నన్ను ఇడిసిపెట్టి పోయింది. ఆడమనిషి, ఏంజేస్తది పాపం. దేవుడు నన్ను క్షమించినట్టే నేను గూడ ఆమెను క్షమించిన."

"హల్లెలూయ!" అన్నారు, ఇందాకటికంటే గట్టిగా. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ప్రాణాలు కాపాడినందుకు నాకు క్షమాపణ దొరికింది! అందరి తలకాయలూ నా వైపు తిరిగాయి, ఎంత మంచి మొగుడు దొరికాడమ్మా నీకు అన్నట్టు. నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. మాట్లాడితే మొగుడి పరువు సభలో తీసిన గయ్యాళిని, మాట్లాడకపోతే క్షమాపణ పుచ్చుకున్న పిరికిదాన్ని.

అయ్యగారు మైకు అత్తమ్మ దగ్గరికి పంపించి, "అమ్మా, మీరు గూడ ఒక మాట సాక్ష్యం చెప్పండి" అన్నారు. ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా లేచింది. ఇప్పుడైనా చెప్తుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"దేవుడు కాపాడిండు," అని కూర్చుంది. అంతే. మా ఆయన తలూపి "ఆమెన్" అన్నాడు.

బిర్యానీ వడ్డించాను. అందరూ తిన్నారు, బాగుందన్నారు, ఎముకలు విస్తరాకుల్లో వదిలేసి చేతులు కడుక్కున్నారు. అత్తమ్మ ఆ రోజే చిన్నమ్మతో కలిసి తల్లాడ పోతానంది. ఆడపడుచు కూడా అదే బండిలో పోయి, అక్కడ్నుంచి ఖమ్మం బస్సెక్కుతుంది. మా ఆయన దింపివస్తాడు. సాగనంపడానికి అయ్యగారు, కూటానికి వచ్చినవాళ్ళు సగం మంది మెయిన్ రోడ్డు దాకా వచ్చారు. నేను అత్తమ్మ సంచి పట్టుకుని వెనక నడిచాను. చిన్నమ్మ, ఆడపడుచు వెనక సీట్లో సర్దుకున్నారు. మా ఆయన స్టీరింగు ముందు కూర్చుని, ఇంజను స్టార్టు చేసి, మోచెయ్యి కిటికీ మీద పెట్టాడు.

"ఎక్కమ్మా, పొద్దుపోతది," అన్నాడు.

అత్తమ్మ తెరిచిన తలుపు దగ్గర నిలబడి ఎక్కలేదు. తలుపు మూసింది. బానెట్టు మీద చెయ్యి ఆనించుకుంటూ, ఆ మోకాళ్ళతో ఒక్కో అడుగూ వేసుకుంటూ, బండి చుట్టూ తిరిగి కొడుకు వైపు వచ్చి నిలబడింది.

"దిగు," అంది.

"ఏందమ్మా, ఏమన్న మర్సిపోయినవా?"

"కోడలు నడుపుతది. నేను ఆమె నడిపితేనే ఎక్కుత. తాళంచెవి గూడ ఇగ ఆమె కాడనే ఉంటది. అడివిల ఆడపిల్లలు ఆ బండి కోసం ఎదురుచూస్తున్నరు."

ఆయన నవ్వడానికి చూశాడు. "గిదేందమ్మా, అందరు చూస్తుండ్రు. నేనుండంగ ఆమెందుకు నడుపుడు?"

అత్తమ్మ గొంతు పెంచలేదు. ఆమెకు గొంతు పెంచే అలవాటే లేదు. అందుకే అయ్యగారితో సహా అందరూ వినడానికి ముందుకు వంగారు.

"దిగు కొడుకా. తుపాకి మోగంగనే నన్ను, కోడల్ని ఇడిసిపెట్టి దిగినోనివి, గిప్పుడు దిగనీకి ఏమైంది? నేను ఎనకనే ఉంటి. అంత చూసిన."

ఆయన దిగాడు. ఇంజను ఆడుతూనే ఉంది, తాళంచెవి దానికే ఉంది. నేను సంచి వెనక సీట్లో పెట్టి, ఎక్కి కూర్చున్నాను.